కాయ తన సున్నం తానే తాగుతుంది

కోల్‌కతాలోనూ, హావ్‌డాలోనూ, హుగ్లీ గట్టు పొడవునా ఉన్న జనపనార మిల్లుల ఊళ్ళలోనూ, అటు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ ఉండి ఈ మాటలు వింటున్న తెలుగు శ్రోతలతోనే నా మాట. మీలో చాలామంది కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవే. కాపురం ఇక్కడ, ఎకరమో రెండెకరాలో మెట్ట అక్కడ. ఆ మెట్టను కౌలుకిచ్చినా, తమ్ముడికి అప్పగించినా, జూన్ నెల వచ్చేసరికి వాన పడిందా, విత్తనం వేశారా అని ఫోను చేసి అడగందే మనసు ఊరుకోదు. ఆ మెట్టల్లో వేరుశెనగ వేసేవాళ్ళ కోసం, ఈ బెంగాల్ గడ్డ మీదే భూమి చేసుకుంటున్నవాళ్ళ కోసం ఈ పూట సున్నం గురించి చెబుతాను. గోడకు కొట్టే సున్నం కాదు, తమలపాకుకు రాసే సున్నం కాదు, నేలకు పెట్టే సున్నం.

వేరుశెనగ రైతు నోట తరచుగా వినే మాట ఒకటుంది. చెట్టు ఏపుగా పెరిగింది, ఆకు నిగనిగలాడింది, పూత విరగబూసింది, ఊడలు దిగాయి. తీరా పీకి చూస్తే తాలుకాయలు. వేలితో నొక్కితే టప్పున పగులుతుంది, లోపల గింజ ఉండదు. లేదా రెండు గింజలు ఉండాల్సిన చోట ఒకటే ఉంటుంది, అదీ ముడతలు పడి ఉంటుంది. రైతు వానను తిడతాడు, విత్తనాన్ని తిడతాడు, ఏదో తెగులంటాడు. ఒక్కోసారి ఆ కారణాలూ నిజమే. కానీ చెట్టు పచ్చగా ఉండి కాయ మాత్రమే తాలుపోయిందంటే, మొట్టమొదట అనుమానించాల్సింది నేలలో కాల్షియం కొరతనే. చెట్టు ఏ చిహ్నమూ చూపించదు. ఆకు పసుపెక్కదు, మాడదు. పైనుంచి చూసినవాళ్ళు ఎవరూ పట్టుకోలేరు. కాబట్టే ఈ లోపం ఏళ్ళ తరబడి దొరక్కుండా తప్పించుకుంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మిగతా సంగతులన్నీ సులువుగా అర్థమవుతాయి. కాస్త ఓపిగ్గా వినండి.

వేరుశెనగ పువ్వు పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. పువ్వు ఫలదీకరణం చెందాక దాని అడుగు నుంచి ఊడ బయల్దేరి, కిందికి వంగి, నేలలోకి గుచ్చుకుంటుంది. రెండు మూడు అంగుళాలు పోయాక దాని కొన అడ్డం తిరిగి, ఉబ్బి, కాయవుతుంది. ఆ కాయకు కావలసిన చక్కెర, నత్రజని, భాస్వరం, పొటాష్ ఆకుల నుంచి ఊడ గుండా కిందికి దిగుతాయి. కాల్షియం మాత్రం దిగదు. మొక్కలో కాల్షియం దారి ఎప్పుడూ వేళ్ళ నుంచి పైకే. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటే ఆ లాగుడుకు వేళ్ళ నుంచి నీటిధార పైకి ఎక్కుతుంది, దానితోపాటు కాల్షియమూ ఎక్కుతుంది. ఆకులో చేరిన కాల్షియం అక్కడే స్థిరపడిపోతుంది, తిరిగి రాదు. మరి మట్టిలో, తేమలో దాక్కున్న కాయ నుంచి ఆవిరయ్యే నీరు ఎంత? దాదాపు ఏమీ లేదు. దానివైపు ధార మళ్ళదు. అందుకని కాయ తనకు కావలసిన కాల్షియాన్ని తన పైతొక్క గుండా, తన చుట్టూ ఉన్న మట్టి నుంచే పీల్చుకోవాలి. ఒకే కప్పు కింద ఉంటూ వేరు పొయ్యి పెట్టుకున్న కొడుకు సంసారం దానిది. తల్లి వంటింట్లో ఎంత వండినా, తన పొయ్యి దగ్గర గింజలు లేకపోతే పస్తే.

1949లో అమెరికాలోని ఫ్లోరిడాలో బ్లెడ్సో, కోమర్, హారిస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక కాల్షియాన్ని వాడి, అది నేలలోంచి నేరుగా కాయలోకే పోతుందని నిరూపించారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్ళే అయింది. అణుశక్తి పేరు చెబితే లోకమంతా వణుకుతున్న రోజుల్లో, ఆ విద్యనే ఒక పల్లీకాయ ఆకలి తెలుసుకోవడానికి వాడారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం అది.

ఈ ఒక్క సంగతి నుంచి రైతుకు పనికొచ్చే మాటలు చాలా పుడతాయి. వేళ్ళ దగ్గర అడుగు లోతున కాల్షియం ఎంతున్నా కాయకు లాభం లేదు, పైమూడు అంగుళాల మట్టిలో ఉండాలి. ఉండటమే కాదు, నీటిలో కరిగి ఉండాలి. ఆ మట్టి ఎండిపోతే కరిగిన కాల్షియం కాయ దాకా కదలదు. ఊడలు దిగిన తర్వాత మూడు నాలుగు వారాలు పైమట్టి ఎండితే తాలుకాయలు ఎందుకు పెరుగుతాయో ఇప్పుడు తెలిసింది కదా. అనంతపురం రైతు 'ఊడ దశలో ఒక్క వాన పడితే చాలు' అని ఆకాశం వైపు చూడటంలో ఈ లెక్క కూడా ఉంది. పెద్ద గింజ రకాలకు కాల్షియం ఎక్కువ కావాలి. మన కదిరి 6, ఇక్కడ బెంగాల్‌లో బాగా నడిచే టీఏజీ 24 లాంటి గుత్తి రకాలు చిన్న గింజవి కాబట్టి కొంత తక్కువతోనే నెట్టుకొస్తాయి.

ఇక ఈ కోల్‌కతా చుట్టుపక్కల నేల సంగతి చూద్దాం. నగరం కూర్చున్నది గంగ తెచ్చిపోసిన ఒండ్రు మీద. రైలెక్కి పడమరకు పోతే ఖరగ్‌పూర్ చేరేసరికి నేల రంగు మారిపోతుంది. ఎర్రటి మొరం, గులకలు, సాల్ చెట్లు. పశ్చిమ మేదినీపూర్, ఝాడ్‌గ్రామ్, బాంకుడా, పురులియా, బీర్‌భూమ్ వైపు ఇదే తీరు. లాటరైట్ నేల అంటారు దీన్ని. ఈ రకం నేలను తొలిసారి వర్ణించి ఆ పేరుతో లోకానికి పరిచయం చేసిన ఫ్రాన్సిస్ బుకానన్ దాన్ని చూసింది మలబారులో, ఆ సంగతి రాసిన పుస్తకం అచ్చయింది 1807లో. తర్వాత కొన్నేళ్ళకు ఆయనే ఇక్కడ శిబ్‌పూర్ వృక్షోద్యానానికి అధిపతిగా కూర్చున్నాడు.

మన అనంతపురం నేలా ఎర్రదే, ఇక్కడి నేలా ఎర్రదే. కానీ రెండూ ఒకటి కావు. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వాన నేలలోని కాల్షియాన్ని కడిగి తీసుకుపోలేదు. పురులియా, మేదినీపూర్ వైపు కురిసేది 1,200 మిల్లీమీటర్లకు పైమాటే. వేల ఏళ్ళుగా ఆ వాన కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కడిగి నదుల్లో కలిపేసి, ఇనుమును, అల్యూమినియాన్ని మిగిల్చింది. నేల ఆమ్లమైపోయింది. పీహెచ్ 5.5 కంటే దిగిందంటే అల్యూమినియం కరిగి వేరు కొనల్ని మొద్దుబారుస్తుంది. వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుని మొక్కకు ఇవ్వవు. వేరు బుడిపెల్లో నత్రజని పట్టే సూక్ష్మజీవులకు మాలిబ్డినం అనే మూలకం లేశమాత్రం కావాలి, ఆమ్ల నేలలో అదీ అందదు. వేరుశెనగ మొక్క ఆమ్లాన్ని చాలా పంటల కంటే ఎక్కువగా ఓర్చుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మొక్క ఓర్చుకుంటుంది గానీ కాయ ఓర్చుకోలేదు. తేడా అక్కడుంది.

సున్నం నేలలో ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది, అల్యూమినియాన్ని కరగని రూపంలోకి మార్చి కూర్చోబెడుతుంది, కాల్షియాన్నీ ఇస్తుంది. పీహెచ్ 6, 6.5 దగ్గరకు వస్తే వేరుశెనగకు హాయి.

కోల్‌కతా నగరానికీ సున్నానికీ పాత బంధం ఉంది, చెప్పకుండా ఉండలేను. ఇక్కడి తెల్ల మేడలకు, కోట గోడలకు కావలసిన సున్నం పడవల మీద సిల్హెట్ నుంచి వచ్చేది. ఖాసీ కొండల సున్నపురాయిని కిందికి దించి, ఛాతక్ దగ్గర సుర్మా నది ఒడ్డున కాల్చి, నదుల వెంట ఇక్కడికి తెచ్చేవారు. 1778 ప్రాంతంలో సిల్హెట్ వెళ్ళిన రాబర్ట్ లిండ్సే అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఆ సున్నం వ్యాపారంలోనే సొమ్ము చేసుకుని స్వదేశానికి పోయాడు. ఆ పడవలు నగరానికి చేరాయి, పడమటి ఎర్ర మెట్టలకు చేరలేదు. ఆ తర్వాతి తరం వాడైన ఎడ్మండ్ రఫిన్ అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో పాడైపోయిన ఆమ్ల నేలల్లో గుల్లలు కలిసిన సున్నపు మట్టిని తవ్వి వేయించి, పంట తిరిగి రావడం చూసి 1832లో పుస్తకం రాశాడు. ఆ మట్టిని ఎండలో తవ్వి మోసినవాళ్ళు బానిసలు, రఫిన్ ఆ బానిసత్వాన్ని గట్టిగా సమర్థించినవాడు. ఆ చెమటను మరచి ఆ పుస్తకాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు. ఏమైనా, తర్వాతి కాలంలో అమెరికాలో వేరుశెనగకు పేరు తెచ్చిన నేల ఆ వర్జీనియాయే.

మళ్ళీ ఖరగ్‌పూర్‌కు వద్దాం. ఐఐటీ అంటే ఇంజినీర్ల చదువనే అందరూ అనుకుంటారు. ఆ ఖరగ్‌పూర్ ఐఐటీలో వ్యవసాయ విభాగం ఉంది, దానికి పొలమూ ఉంది, ఆ పొలం నేల ఇదే ఆమ్ల లాటరైట్. బసు, భదోరియా, మహాపాత్ర అనే పరిశోధకులు ఆ నేలలో వేరుశెనగకు సున్నం, సేంద్రియ ఎరువు, రసాయనిక ఎరువు వేర్వేరు పాళ్ళలో వేసి, మొక్క ఎదుగుదల, నత్రజని స్థిరీకరణ, దిగుబడి, గింజ నాణ్యత ఎలా మారుతున్నాయో పరిశీలించి 2008లో ప్రచురించారు. నాకు అందులో నచ్చిన సంగతి, వాళ్ళు బస్తాలు తూచి ఊరుకోలేదు, గింజ లోపలికి కూడా చూశారు. సున్నం ఒక్కటే కాదు, దానికి సేంద్రియ ఎరువు తోడవ్వాలన్నది అలాంటి పరీక్షలన్నీ చెప్పే మాట. ఎందుకంటే ఎర్రమెట్టలో మట్టి పట్టు తక్కువ, సేంద్రియ పదార్థం లేకపోతే వేసిన కాల్షియాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు.

అయితే రైతు అడిగే మొదటి ప్రశ్న, ఎంత వేయాలి, ఎంత అవుతుంది? నేల ఆమ్లం పూర్తిగా విరగాలంటే హెక్టారుకు టన్నుల లెక్కన సున్నం కావాలి. అంత పొడి కొనడం, మోయించడం చిన్న రైతు వల్ల కాదు. అందుకే మన దేశంలో ఆమ్ల నేలల మీద పనిచేసిన వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఒక మధ్యేమార్గం చూపారు. పొలమంతా చల్లకుండా, విత్తే సాలులోనే హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్ళు, అంటే ఎకరాకు 80 నుంచి 160 కిలోలు, ఏటా పంటకు ముందు వేయడం. మొత్తం నేల మారదు, విత్తనం చుట్టూ ఉన్న మట్టి మారుతుంది, లేత వేరు ప్రాణం నిలబెడుతుంది. డబ్బు తక్కువ, ఫలితం చేతికందేది. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం ఎక్కువ.

ఏ సున్నం? మెత్తగా నూరిన సున్నపురాయి పొడి అన్నిటికంటే సురక్షితం. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా పనిచేస్తుంది, ఇసుకలా గరుకుగా ఉంటే ఏళ్ళు పడుతుంది. కాల్చిన సున్నానికి బలం ఎక్కువ, రాతిపొడి 100 కిలోలు చేసే పని అది 56 కిలోలే చేస్తుంది, కానీ విత్తనానికి తగిలితే మాడుస్తుంది. నత్రజని పట్టే ఆ సూక్ష్మజీవిని, అంటే రైజోబియాన్ని, పట్టించిన విత్తనానికి అసలు తగలకూడదు. యూరియాతో, అమ్మోనియం ఎరువులతో కలిపి చల్లితే నత్రజని గాలిలో కలిసిపోతుంది. డోలమైట్ దొరికితే మెగ్నీషియం కూడా వస్తుంది. ఇక్కడ దుర్గాపూర్, బర్న్‌పూర్ ఉక్కు కర్మాగారాల స్లాగ్‌ను పొడి చేసి సున్నానికి బదులు వాడటం మీద పరిశోధనలు నడిచాయి. ఒడిశాలో కాగితం మిల్లుల నుంచి వచ్చే సున్నపు మడ్డిని చౌకగా వాడుకోమన్నారు. రాయగడ దగ్గరున్న కాగితం మిల్లు ఉత్తరాంధ్ర వాళ్ళకు కొత్త కాదు కదా. ఇలాంటి వ్యర్థాలు వాడే ముందు ఒకసారి పరీక్ష చేయించాలి, ఏ విష లోహమూ లేదని తెలుసుకోవాలి. ఊరికే వస్తోందని పొలంలో దింపుకోవడం మంచిది కాదు.

ఇక్కడ జిప్సం సంగతి వస్తుంది. సున్నం, జిప్సం రెండింటిలోనూ కాల్షియం ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. కాదు. సున్నం ఆమ్లాన్ని విరుస్తుంది, జిప్సం విరవదు. సున్నం నెమ్మదిగా కరుగుతుంది, జిప్సం లీటరు నీటికి రెండు గ్రాముల పైనే కరిగి వెంటనే కాయకు అందుతుంది, దానితోపాటు గంధకాన్నీ ఇస్తుంది. నూనె గింజకు గంధకం అవసరం ఎంతో మీకు తెలుసు. సున్నం పని విత్తకముందు, జిప్సం పని ఊడలు దిగేటప్పుడు. మన ఆంధ్ర నేలలు చాలాచోట్ల ఆమ్లం కావు, అక్కడ సున్నం అక్కర్లేదు, జిప్సం చాలు. ఎకరాకు 200 కిలోలు, తొలి పూత నుంచి ఊడ దిగే దశలో, అంటే విత్తిన 30 నుంచి 45 రోజుల మధ్య, మొక్కల మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మాటే ఇది. ఇక్కడి బిఘా లెక్కలో చెప్పాలంటే, ఎకరంలో మూడో వంతు కాబట్టి, 65, 70 కిలోలు. 45 రోజులు దాటాక చేలో గొప్పు పెట్టకండి, దిగిన ఊడలు తెగిపోతాయి.

జిప్సాన్ని ముందే దుక్కిలో వేసేస్తే పనైపోతుంది కదా అని కొందరంటారు. ఇసుక నేలలో అలా వేస్తే వానకు కరిగి అడుగుకు దిగిపోతుంది. కాయ వచ్చే వేళకు పైమట్టి ఖాళీ. ఇక్కడ బెంగాల్‌లో వేసవి వేరుశెనగకు ఊడలు దిగేది సరిగ్గా కాలబైశాఖి గాలివానలు మొదలయ్యే రోజుల్లో. ఒక్క సాయంత్రం దంచి కొట్టిందంటే తేలిక నేలలో వేసింది చాలా వరకు కిందికి పోతుంది. అందుకే ఆ సమయం విషయంలో నేను ఇంత పట్టుబట్టేది.

వేసవి పంట అన్నాను కాబట్టి బంగాళాదుంప గురించి చెప్పాలి. హుగ్లీ, బర్ధమాన్, పశ్చిమ మేదినీపూర్‌లలో ఫిబ్రవరి, మార్చిలో ఆలూ తవ్వేశాక అదే మడిలో వేరుశెనగ వేస్తారు. తారకేశ్వర్, ఆరామ్‌బాగ్ వైపు పోతే కనిపిస్తుంది. ఆలూకు 10:26:26 ఎరువు బస్తాల కొద్దీ గుమ్మరిస్తారు. అందులో చాలా భాగం మిగిలిపోతుంది కాబట్టి వేరుశెనగకు వేరే ఎరువు అక్కర్లేదంటారు. భాస్వరం వరకు ఆ మాట సబబే. పొటాష్ దగ్గర చిక్కుంది. పైమట్టిలో పొటాష్ ఎక్కువైతే అది కాయ దగ్గర కాల్షియంతో పోటీపడుతుంది, కాయలోకి పోవలసిన కాల్షియం తగ్గుతుంది. అంటే ఎరువు మిగిలిన బలమైన మడిలోనే కాయ తాలుపోవచ్చు. ఆలూ రైతు 'ఇంత బలమైన నేలలో లొట్టలేమిటి' అని ఆశ్చర్యపోతాడు. ఆ బలంలోనే కారణం ఉంది. ఆలూ తర్వాత వేరుశెనగ వేసేవాళ్ళు పొటాష్ జోలికి పోకుండా, ఊడ దశలో జిప్సం మాత్రం తప్పకుండా వేయాలని నా మాట.

సున్నం మంచిదన్నాను కదా అని మితిమీరి వేయకూడదు. ఎక్కువైతే జింకు అందదు, ఇనుము అందదు, బోరాన్ అందదు. అనంతపురం, కర్నూలు వైపు సుద్ద కలిసిన నేలల్లో వేరుశెనగ లేత ఆకులు పాలిపోయి పసుపెక్కడం చూసే ఉంటారు, అది ఇనుము అందక. ఆ నేలలకు సున్నం పెడితే మంట మీద నూనె పోసినట్టే. ఈ ఎర్రమెట్టల్లో బోరాన్ అసలే తక్కువ. బోరాన్ లోపిస్తే పప్పు చీల్చినప్పుడు బద్దల మధ్య గుంట పడి గోధుమ రంగు మచ్చ కనిపిస్తుంది. కాల్షియం లోపిస్తే నల్లబడేది మొలక. రెండూ పప్పు లోపలి జబ్బులే, బయటికి తెలియవు. మైదానంలో కూర్చుని చీనాబాదం, అదే మన పల్లీల, పొట్లం విప్పి తింటూ ఒక గింజ చేదుగా తగిలితే మీరు ఊసేసి మరో గింజ తీసుకుంటారు. రైతు అలా ఊసేయలేడు, అది అతని విత్తనం.

నేను అసలు చెప్పదలచుకున్నది ఆ విత్తనం గురించే. సున్నం గురించి మాట్లాడేవాళ్ళంతా ఎకరాకు ఎన్ని బస్తాలు పెరుగుతుందనే అడుగుతారు. బస్తాలు పెరుగుతాయి, తాలు తగ్గుతుంది, గింజ శాతం పెరుగుతుంది, నిజమే. అయితే కాల్షియం చాలని నేలలో కూడా కొన్ని గింజలు చూడటానికి నిండుగా, బరువుగా, ఎర్రగా ఉంటాయి. సంతలో మంచి ధరే పలుకుతాయి. వాటి లోపల, రెండు బద్దల మధ్య ఉండే మొలక కొన మాత్రం నల్లబడి చచ్చి ఉంటుంది. ఆ గింజ నూనెకు పనికొస్తుంది, విత్తనానికి పనికిరాదు. మొలిచినా కాండం మెత్తబడి కూలిపోతుంది. కిలో గింజలో కాల్షియం సుమారు 420 మిల్లీగ్రాముల కంటే తగ్గితే మొలక శాతం పడిపోవడం మొదలవుతుందని అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. కాల్షియం తక్కువైన కాయ తొక్క బలహీనంగా ఉంటుంది, కాయకుళ్ళు త్వరగా పడుతుంది. కుళ్ళిన చోట బూజు చేరుతుంది, బూజు వెంట అఫ్లటాక్సిన్ విషం వచ్చే ప్రమాదమూ ఉంది.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఎకరాకు 60 నుంచి 80 కిలోల విత్తనం కావాలి. వేరుశెనగ సాగులో పెద్ద ఖర్చుల్లో అదొకటి. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలక శాతం మొక్కజొన్నకు 90, వరికి 80, వేరుశెనగకు 70. చట్టమే ఈ గింజ సున్నితమైనదని ఒప్పుకుంది. ఎక్కడో కాల్షియం లేని మడిలో పండిన గింజను ఇంకెక్కడో ఇంకో రైతు అప్పు చేసి కొంటాడు. అతని చేలో మొలకలు సందులు పడతాయి. తన నేలలో లోపం లేకపోయినా నష్టం అతనిదే. మొదటి మడిలో జిప్సానికి మిగిల్చిన డబ్బు రెండో మనిషి జేబులోంచి పోయింది. ఇది నాకు న్యాయంగా తోచదు. విత్తనం కోసం పెంచే మడిని తిండి గింజ పెంచే మడితో సమానంగా చూడకూడదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, నేల పరీక్షలో కాల్షియం సరిపడా ఉందని తేలినా సరే, విత్తనం కోసం పెంచే ప్రతి వేరుశెనగ చేనుకూ జిప్సం వేయమనే చెబుతారు. మన దగ్గర విత్తనోత్పత్తి చేయించే సంస్థలన్నీ అదే నియమం పెట్టుకోవాలని, ధర కట్టేటప్పుడు ఆ ఖర్చును రైతుకు కలిపి ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇంకో కోరిక. 2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం భూసార పరీక్ష కార్డుల పథకం మొదలుపెట్టింది. మంచి పథకం. ఆ కార్డులో 12 అంశాలుంటాయి. పీహెచ్, లవణాల మోతాదు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. కాల్షియం లేదు. వరి రైతుకు దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు, వేరుశెనగ రైతుకు ఉంది. వేరుశెనగ జిల్లాలకైనా ఆ పదమూడో గడి చేర్చాలి. అప్పటిదాకా మీ కార్డులో పీహెచ్ గడి చూడండి. 5.5 కంటే తక్కువైతే సున్నం గురించి ఆలోచించండి. 6.5 దాటితే సున్నం మాట మరిచిపోయి జిప్సంతో సరిపెట్టుకోండి. కాల్షియం కోసం విడిగా పరీక్ష చేయించేవాళ్ళు మట్టిని అడుగు లోతు నుంచి తీయవద్దు, కాయ కాసే పైమూడు అంగుళాల నుంచి తీసి పంపండి.

మే నెలలో మీ ఊరికి ఫోను చేసినప్పుడు తమ్ముడికో కౌలుదారుకో ఈ పని చెప్పండి. కొనబోయే విత్తనంలోంచి, ఏరకుండా, చేతికొచ్చినట్టు 100 గింజలు తీసి, తడి గోనెసంచిలో వరుసగా పేర్చి, చుట్ట చుట్టి నీడన పెట్టమనండి. రోజూ కాస్త నీళ్ళు చిలకరించాలి. పదో రోజున విప్పి మొలిచినవి లెక్కపెట్టాలి. మొలవని వాటిని పారేయకుండా ఒక్కొక్కటిగా చీల్చి, బద్దల మధ్య మొలక కొన ఏ రంగులో ఉందో చూడాలి. బూజు పట్టి కుళ్ళితే అది నిల్వలో వచ్చిన తప్పు కావచ్చు. గింజ శుభ్రంగా ఉండి కొన మాత్రం నల్లగా ఉంటే అది పండిన నేలలో కాల్షియం లేదని అనుకోవచ్చు. అలాంటివి ఎక్కువ కనిపిస్తే ఆ విత్తనం వద్దనండి. వేరే చోట వెతుక్కోవడానికి జూన్ దాకా ఇంకా వ్యవధి ఉంటుంది. కొత్తచోట కొనేటప్పుడు ధర అడగకముందే, ఈ విత్తనపు మడికి ఊడ దశలో జిప్సం వేశారా అని అడగమనండి.